మాజీ సైనికుల పిల్లల చదువులకు పెరిగిన ఆర్థిక సహాయం

సిపాయిలుగా చేరినవారిలో పలువురు నలభై ఏళ్లు నిండకముందే సైన్యం నుండి పదవీ విరమణ చేస్తారు. జీతం ఆగి పింఛను మొదలయ్యే నాటికి వారి పిల్లలు ఇంకా బడి ఈడులోనే ఉంటారు. ఇటువంటి కుటుంబాలకు అండగా కేంద్రీయ సైనిక్ బోర్డు విద్యా సహాయ పథకాలను అమలు చేస్తున్నది.

హవల్దారు, తత్సమాన హోదా వరకు పనిచేసినవారి పిల్లలలో ఇద్దరికి, ఒకటవ తరగతి నుండి డిగ్రీ వరకు రక్షణ మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుండి సహాయం లభిస్తుంది. ఒక్కొక్కరికి నెలకు రూ.1,000గా ఉన్న ఈ మొత్తాన్ని 2025 అక్టోబరులో రూ.2,000కు పెంచారు. 2025 నవంబరు 1 నుండి సమర్పించే దరఖాస్తులకు ఈ పెంపు వర్తిస్తుంది. రెండేళ్ల పీజీ కోర్సు అభ్యసించే మాజీ సైనికుల వితంతువులు కూడా అర్హులే. ఏటా డిసెంబరు 7న జరిగే సాయుధ దళాల పతాక దినోత్సవం పేరిట ఏర్పడిన నిధి నుండే ఈ వ్యయాన్ని భరిస్తారు.

వృత్తి విద్యా కోర్సులలో చేరినవారికి ప్రధానమంత్రి ఉపకార వేతన పథకం 2006-07 నుండి అమలులో ఉంది. అర్హత పరీక్షలో కనీసం 60 శాతం మార్కులు అవసరం. 2019లో నెలసరి మొత్తాన్ని బాలురకు రూ.2,000 నుండి రూ.2,500కు, బాలికలకు రూ.2,250 నుండి రూ.3,000కు పెంచారు.

ఈ రెండు పథకాలకూ ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వాటిని పరిశీలిస్తుంది. అర్హత ఉన్నప్పటికీ దరఖాస్తు చేయనివారికి సహాయం అందదు. కావున ఈ సమాచారం మారుమూల గ్రామాలలోని మాజీ సైనికుల కుటుంబాలకు సైతం చేరినప్పుడే పెంపుదల ఉద్దేశం నెరవేరుతుంది.