వలందావారి దేశంలో సైకిలు మీద

బందరు తెలిసినవాళ్ళకి వలందపాలెం తెలిసే వుంటుంది. వలంద అంటే హాలెండు. 17వ శతాబ్ది మొదట్లో మన కోస్తా బట్టలు కొనడానికి డచ్చి వర్తకులు బందరులో దిగితే, వాళ్ళని మనవాళ్ళు వలందావారన్నారు. ఆ వలందావారి దేశం, అంటే నెదర్లాండ్స్, సైకిలు మీద చూడాలంటే ఏం కావాలో, వాళ్ళ భాష ఏమాత్రం వస్తే చాలునో ఇవాళ చెప్పుకుందాం.

"ఈ వయసులో సైకిలా!" అని నవ్వేయకండి. అక్కడ డెబ్భై దాటిన అమ్మమ్మలు కూరల సంచీ తగిలించుకుని సైకిలు మీదే బజారుకి వెళ్ళివస్తారు. అందరూ అద్దెకి తీసుకునే సైకిలు పేరే 'ఓమాఫీట్స్'. ఓమా అంటే అమ్మమ్మ, ఫీట్స్ అంటే సైకిలు. చూశారా, అప్పుడే రెండు మాటలు వచ్చేశాయి! దానికి మధ్య కడ్డీ వుండదు. చైను పూర్తిగా మూసి వుంటుంది, వెనక చక్రానికి బట్ట చిక్కుకోకుండా అడ్డు వుంటుంది. అయినా రోజుకి 30, 40 కిలోమీటర్లు తొక్కాలంటే చీరకన్నా సల్వారు కమీజే సుఖం. ఒక్క సంగతి మటుకు ముందే తెలుసుకోండి. ఇలాంటి సైకిళ్ళు చాలావాటికి చేతి బ్రేకు వుండదు. పెడలు వెనక్కి తొక్కితే బండి ఆగుతుంది. మనకి అలవాటుగా పెడలు వెనక్కి తిప్పే గుణం వుందనుకోండి, నడివీధిలో గభాలున ఆగిపోతాం. అందుకని మొదటి గంట ఏ పార్కు పక్కనో తొక్కి అలవాటు చేసుకోవాలి. పైగా అక్కడ కుడిచేతి వైపు పోవాలి.

దేశంలో సుమారు నాలుగోవంతు సముద్రమట్టానికి దిగువన వుంది. కాబట్టి ఎత్తులెక్కే బాధ లేదు. ఉన్నదల్లా గాలి బాధ. అది ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. ప్రయాణం ఈశాన్యం వైపు పెట్టుకుంటే గాలి వీపున తోస్తుంది, ఎదురు పెట్టుకుంటే ఉసూరుమనిపిస్తుంది. మే నుంచి సెప్టెంబరు దాకా మంచి రోజులు. వానకోటు మాత్రం ఏ నెలలోనైనా సంచీలో వుండవలసిందే.

దారి తప్పుతామన్న బెంగ అక్కర్లేదు. సైకిలు దారుల కూడళ్ళన్నిటికీ అంకెలు వేశారు. వీటిని 'క్నోప్‌పుంట్' అంటారు. ఒక అంకె దగ్గర నుంచుంటే తరవాతి అంకెకి ఎటు పోవాలో బాణం గుర్తు చూపిస్తుంది. పొద్దున్నే సరుకుల చీటీ రాసుకున్నట్టు ఆ రోజు అంకెలు వరసగా రాసుకుంటే సరి. నేలమీద తెల్లటి ముక్కోణాలు మొనలు మనవైపు తిప్పి కనిపిస్తే ఆగి ఎదుటివాళ్ళకి దారివ్వాలి. వాటిని సొరచేప పళ్ళంటారు. ఎర్ర 'ప్రవేశం లేదు' పలక కింద సైకిలు బొమ్మా, 'ఔట్‌ఖెజోండర్ట్' అన్న మాటా వుంటే సైకిళ్ళకి మినహాయింపు అని అర్థం. ధైర్యంగా పోవచ్చు.

ఇక భాష. 'గ' అని రాసినదాన్ని గొంతు సవరించుకున్నట్టు 'ఖ' అని పలకాలి. చీజుకి పేరు మోసిన గౌడా ఊరు వాళ్ళ నోట 'ఖౌదా' అవుతుంది. 'రెఖ్ట్స్' అంటే కుడికి, 'రెఖ్ట్‌దోర్' అంటే తిన్నగా. ఈ రెండూ కలగాపులగం చేసుకుంటే కాలువ గట్టున తేలతారు! అందరికీ ఇంగ్లీషు వచ్చు కాబట్టి మనం తడబడగానే వాళ్ళు ఇంగ్లీషులోకి దిగిపోతారు. అప్పుడు 'ఇక్ లేర్ నేడర్లంట్స్', అంటే 'నేను డచ్చి నేర్చుకుంటున్నాను' అనండి. చాలామంది మళ్ళీ నిదానంగా తమ భాషలోనే చెబుతారు.

అసలు చిక్కు అంకెలతోనే. ఒకచోట గట్టు మరమ్మతు చేస్తూ దారి మళ్ళించారు. అక్కడ ఒక పెద్దావిడని అడిగితే 'ఫీర్-ఎన్-ట్వింటఖ్' కి వెళ్ళమంది. 'ఫీర్' నాలుగు, 'ట్వింటఖ్' ఇరవై. విన్న వరసలో 4, 2 వేసుకుని 42 పలక వెంట ఎదురుగాలిలో ఏడు కిలోమీటర్లు తొక్కాను. తీరా చూస్తే ఆవిడ చెప్పింది 24. వాళ్ళు ఒకట్లు ముందు చెప్పి తరవాత పదులు చెబుతారు. ఇరవై నాలుగుని సంస్కృతంలో చతుర్వింశతి అనమూ? అదే వరస. ఆ మాట గుర్తు పెట్టుకున్నాక మళ్ళీ పొరబడలేదు.

మన నువ్వు, మీరు తేడా వాళ్ళకీ వుంది. 'యై' అంటే నువ్వు, 'యూ' అంటే మీరు. కొత్తవాళ్ళని, పెద్దవాళ్ళని 'యూ' అనడం మర్యాద. మేము దిగిన ఇంటి ఇల్లాలు మొదటిరోజు 'యూ' అంది. మూడోరోజు కాఫీ పోస్తూ 'యై' అనేసింది. ఇంగ్లీషులోనే మాట్లాడుకుని వుంటే ఆ దగ్గరతనం నాకు తెలిసేదే కాదు.

రెండు రోజులకి సరిపడే మంచి దారి ఒకటి చెబుతాను. గౌడా నుంచి వెండి పనికి పేరున్న స్కోన్‌హోవెన్ వెళ్ళి, అక్కడ లెక్ నది పడవ మీద దాటి, గట్టు వెంబడి కిండర్‌డైక్ చేరడం. గట్టు మీద ఒకవైపు నది, రెండోవైపు నదికన్నా పల్లంలో ఇళ్ళూ, పచ్చిక బయళ్ళూ! ఆ పల్లంలోని నీళ్ళు తోడిపోయడానికే 1740 ప్రాంతంలో కట్టిన గాలిమరలతో కలిపి అక్కడ 19 గాలిమరలున్నాయి. 1997లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

'కిండర్' అంటే పిల్లలు. కిండర్‌డైక్ అంటే పిల్లల గట్టు. 1421 నాటి వరదలో ఒక ఉయ్యాల కొట్టుకొచ్చి గట్టున ఆగిందనీ, అందులో పసిబిడ్డ క్షేమంగా వుందనీ, ఉయ్యాల ఒరగకుండా ఒక పిల్లి అటూ ఇటూ గెంతుతూ కాపాడిందనీ కథ చెబుతారు.

ఆ మాటే ఇంకొకచోట వినబడుతుంది. ఈ చక్కని సైకిలు దారులు ఆ దేశానికి పుట్టుకతో వచ్చాయనుకుంటాం. కాదు. 1971లో అక్కడ రోడ్ల మీద 3,000 పైచిలుకు మంది పోయారు. అందులో 400 మందికి పైగా పిల్లలు. బడికి వెళ్తూ తన కూతురు కారు కింద పడి చనిపోతే, విక్ లాంగెన్‌హాఫ్ అనే పత్రికా రచయిత 1972లో ఒక వ్యాసం రాశాడు. దాని పేరు 'స్టాప్ డె కిండర్‌మోర్ట్', పిల్లల హత్య ఆపండి. ఆ పేరుతోనే ఉద్యమం లేచింది. దాని మొదటి అధ్యక్షురాలు మార్ట్యె వాన్ పుట్టెన్ అనే యువతి. తల్లులూ, పిల్లలూ వీధులకి అడ్డం నిలిచి, ఇది మేము ఆడుకునే చోటు అన్నారు. 1973లో చమురు కరువొచ్చి ఆదివారాలు కార్లు ఆపేస్తే, ఖాళీ రోడ్లు ఎలా వుంటాయో జనం కళ్ళారా చూశారు. సైకిలుకి వేరే దారి కావాలన్న పట్టుదల అలా బలపడింది.

కిండర్‌డైక్ గట్టు మీద పదేళ్ళ పిల్లలు పెద్దవాళ్ళెవరూ వెంట లేకుండా గంట కొట్టుకుంటూ నన్ను దాటిపోయారు. ఆ దారి వాళ్ళ అమ్మమ్మల కాలంలో అడిగి సాధించుకున్నదని తెలిశాక, పక్కకి తప్పుకుని వాళ్ళకి చోటిచ్చాను. మన వీధిలో బడి వదిలే వేళకి మనమూ ఒకసారి గుమ్మంలో నుంచుని చూద్దాం, పిల్లలు రోడ్డు ఎలా దాటుతున్నారో. సెలవు.