పూసలు జరిపి... ప్రాణాలు నిలిపి!

పసిబిడ్డ డొక్కలెగరేస్తోంది. మామూలు జలుబా, న్యుమోనియానా? తేలాలంటే నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టాలి. చదువురాని మంత్రసాని ఆ పని ఎలా చేస్తుంది?

పూసలతో! ఇసుక గడియారం తిప్పి, బిడ్డ పదిసార్లు ఊపిరి తీయగానే ఒక పూస పక్కకు జరుపుతుంది. ఇసుక అయిపోకముందే ఎర్రపూస వంతు వచ్చిందా... అది న్యుమోనియానే. మందు మొదలుపెట్టాల్సిందే.

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో వైద్య దంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్‌ల 'సెర్చ్' సంస్థ రూపొందించిన సాధనమిది. ఆ జిల్లా మనకేం దూరం కాదు. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే వచ్చే సిరొంచ అందులోదే. అక్కడ తెలుగూ వినిపిస్తుంది.

1980ల్లో అక్కడికి వెళ్లిన కొత్తలో ఈ దంపతులు రక్తనమూనాలు సేకరించి, స్థానికుల్లో సికిల్ సెల్ వ్యాధి ఉందని తేల్చారు. శాస్త్రానికి అది పెద్ద విషయమే. ఊరివాళ్లకు మాత్రం ఒరిగిందేమీ లేదు. అప్పట్నుంచీ జనానికి ఏది కావాలో అడిగి, వాళ్లతో కలిసి పరిశోధించడం అలవాటు చేసుకున్నారు.

దానికి అసలు పరీక్ష 1993లో మొదలైంది. నవజాత శిశువుల మరణాలు తగ్గించడానికి 39 ఊళ్లు తీసుకున్నారు. పోల్చి చూడటానికి మరో 47. ఆ 39 ఊళ్లలో స్థానిక మహిళలనే ఎంచుకుని శిక్షణ ఇచ్చారు. ఐదు నుంచి పది తరగతులు చదివినవాళ్లు. పట్నం నుంచి వచ్చిన సర్వేయరు గుమ్మంలో నిలబడి అడిగితే ఏ అత్తగారైనా 'అంతా బాగానే ఉంది బాబూ' అనే చెబుతుంది. పురిటిగదిలోకి పోయి బిడ్డను తూచి, ఒళ్లు వెచ్చగా ఉందో లేదో చూసి రాసుకోవాలంటే పక్కింటి వదినకే సాధ్యం.

1995-96లో వాళ్లు అలా 763 మంది పసికందుల వివరాలు నమోదు చేశారు. సగానికి పైగా బిడ్డలకు వైద్యం అవసరమైంది. అందింది 2.6 శాతానికే!

చిక్కు ఆ తర్వాతే వచ్చింది. రక్తంలో ఇన్‌ఫెక్షన్ సోకిన బిడ్డను ఆస్పత్రికి తీసుకెళ్లలేమంటే ఏం చేయాలి? ఏడో తరగతి చదివిన ఇల్లాలి చేతికి సూది ఇవ్వొచ్చా? ఇచ్చారు. తల్లిదండ్రుల అనుమతితో ఆమే జెంటామైసిన్ ఇంజెక్షన్ చేసింది. అంతకుముందు ఈ జబ్బు సోకినవారిలో 16.6 శాతం మంది చనిపోతుంటే, అది 2.8 శాతానికి దిగింది. మొత్తంగా వెయ్యికి 62గా ఉన్న నవజాత మరణాలు 1997-98 నాటికి 25.5కు తగ్గాయి.

1999 డిసెంబరులో 'లాన్సెట్' పత్రిక ఈ ఫలితాలను ప్రచురించింది. రచయితలుగా ఐదుగురి పేర్లున్నాయి. ఊళ్లలోని మహిళల పేర్లు ఆ వరుసలో లేవు. పరిశోధనా పత్రాల పద్ధతే అంత అనుకోవచ్చు. కానీ అందులోని అంకెల వెనక ఉన్నది వాళ్ల చేతిరాతే కదా!

మన ఊళ్లలో బాలింతల ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆశా కార్యకర్త వచ్చి బిడ్డను తూచి వెళ్లడం చూస్తూనే ఉంటాం. కాన్పు ఇంట్లోనే అయితే మొదటి రోజూ రావాలి. గడ్చిరోలి పాఠంతోనే కేంద్రం 2011లో దీన్ని దేశమంతటా మొదలుపెట్టింది. ఇంజెక్షన్ మాత్రం ఆశాల పనుల్లో చేర్చలేదు. ప్రమాదం గుర్తుపట్టి ఆస్పత్రికి పంపాలి. ఇన్నిసార్లు తిరిగి, చూసి, రాసినందుకు అప్పట్లో ఆమెకు నిర్ణయించిన పారితోషికం... అన్నీ కలిపి 250 రూపాయలు.