గొంతు వణికినా... మాట ఆగొద్దు!

రేపు క్లాసులో సెమినార్. రాత్రి అన్నం సహించదు. తెల్లారేసరికి కడుపునొప్పి. 'ఇవాళ బడికి పోనమ్మా' అంటూ దుప్పటి ముసుగు! పాఠం రాక కాదు, నలుగురి ముందు నిలబడాలంటే భయం. 'నోట్లో నాలుక లేదా?' అని కసిరితే ఆ భయం రెట్టింపవుతుంది.

ఈ బెరుకు గాంధీజీనీ వదల్లేదు. లండన్‌లో చదువుకునే రోజుల్లో శాకాహార సంఘం సమావేశంలో నోరు పెగలక, రాసుకెళ్లిన కాగితాన్ని వేరొకరితో చదివించారు. తిరిగొచ్చాక బొంబాయిలో తొలి కేసు. సాక్షిని ప్రశ్నించాలని లేచారు. తల తిరిగింది, ఒక్క ప్రశ్నా తోచలేదు. 30 రూపాయల ఫీజు తిరిగిచ్చేస్తానని చెప్పి, వేరే వకీలును పెట్టుకోమన్నారు!

1893లో ప్రిటోరియాలో భారతీయ వ్యాపారుల ముందు మాత్రం మాట్లాడగలిగారు. వ్యాపారంలో నిజాయతీ గురించి ఏం చెప్పాలో ముందే సిద్ధం చేసుకుని వెళ్లారు. తన తొలి బహిరంగ ప్రసంగం అదేనంటారు ఆత్మకథలో. అదే గాంధీజీ 1921లో చీరాల వచ్చారు. మున్సిపాలిటీ పన్నుల మీద పోరాడుతున్న చీరాల-పేరాల జనం ఆయన మాట విన్నాక ఇళ్లు వదిలి ఊరి బయట పాకలు వేసుకున్నారు.

ఆ మార్పుకు తొలిమెట్టు... ముందస్తు తయారీ. పిల్లలకూ అదే మందు.

తెలిసిందే చెప్పాలి

విషయం మనమే ఎంచుకోవచ్చంటే అమెజాన్ అడవుల దాకా ఎందుకు? గుంటూరు, ప్రకాశం పల్లెల పిల్లలకు మిర్చి కన్నా బాగా తెలిసిందేముంది! కల్లంలో కాయ ఆరబోయడం, తాలు కాయలు ఏరడం, టిక్కీలు గుంటూరు యార్డుకు చేరడం... మూడు ముక్కల్లో చెప్పేయొచ్చు. చివర్లో ఓ కొసమెరుపు: కారం ఎక్కువగా ఉండేది గింజల్లో కాదు, వాటిని అంటిపెట్టుకున్న తెల్లటి భాగంలో! టీచర్ ఇచ్చిన పాఠమైనా ఇలాగే మూడు ముక్కలు చేసుకోవాలి.

మొత్తం బట్టీ పడితే ఒక్క మాట మరిచిపోగానే అంతా ఆగిపోతుంది. మొదటి రెండు వాక్యాలు మాత్రం కంఠతా రావాలి. మిగతాది చిన్న అట్టముక్క మీద ముఖ్యమైన మాటలుగా రాసుకుంటే చాలు. ఇంగ్లిషులో చెప్పాల్సి వస్తే ముందు తెలుగులో చెప్పించండి. విషయం పట్టుబడితే ఇంగ్లిషు మాటలు వెతుక్కోవడం తేలిక.

ఇంట్లోనే తొలి సభ

మనసులో చదువుకుంటే సరిపోదు. నిలబడి, గట్టిగా, గడియారం చూసుకుంటూ చెప్పాలి. మొదట గోడకి, తర్వాత తొడిమలు తీస్తున్న నానమ్మకి, ఆపైన ఇద్దరు స్నేహితులకి. మధ్యలో ఆపి తప్పులు దిద్దకండి. పూర్తయ్యాక ముందు బాగున్నదేమిటో చెప్పి, తర్వాత మార్చుకోవాల్సింది ఒక్కటే చెప్పండి.

క్లాసులో లేచాక...

గుండె దడ, చేతుల వణుకు మామూలే. కంగారులో ఒంట్లో అడ్రినలిన్ ఎక్కువవడం వల్ల వచ్చేవవి. నెమ్మదిగా ఊపిరి వదిలి, స్నేహంగా చూసే ఒక ముఖాన్ని వెతుక్కుని మొదలుపెట్టాలి. మరిచిపోతే కంగారుపడకుండా అట్టముక్క చూసుకోవాలి. ఆ రెండు క్షణాల మౌనం మనకే యుగంలా అనిపిస్తుంది, వినేవాళ్లు పట్టించుకోరు.

సాయంత్రం ఇంటికొచ్చాక 'ఎన్ని మార్కులొచ్చాయ్?' అనకండి. 'ఏం చెప్పావో మాకూ చెప్పు' అనండి. రెండోసారి ఆ గొంతు అంతగా వణకదు!