ముప్పై ఏళ్లలో ఎన్ని తూటాలు?

పొట్టి లీవర్ రైఫిల్ ఉన్నవాళ్లు దాని గురించి చెప్పే మాటలు ఎక్కడ విన్నా ఇంచుమించు ఒకటే. తేలిగ్గా ఉంటుంది, పొదల్లో అడ్డం రాదు, ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా మొరాయించలేదు. మొదటి రెండూ తూకం వేసి, గొట్టం పొడవు కొలిచి తేల్చుకోగల సంగతులు. మూడోది అంత సులువుగా తేలదు. అనంతగిరి అడవి దగ్గరి ధారూర్ పరిసరాల్లో లైసెన్సు ఉన్న ఇళ్లలో 12 బోర్ సింగిల్ బ్యారెలో, డబుల్ బ్యారెలో, మహా అయితే .315 రైఫిలో ఉంటుంది తప్ప లీవర్ తుపాకి కనిపించడం అరుదు. అయినా ఆ మూడో మాటతో ఈ ప్రాంతానికి పని ఉంది. అనంతగిరి అడవి అంచున కంది, మొక్కజొన్న వేసిన రైతును అడవి పంది వదలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత ఎవరి తుపాకి వాళ్లు ఎక్కుపెట్టే వీలు లేదు కాబట్టి, అనుమతి పొందిన షూటర్లే వచ్చి కాల్చాలి. గాయపడిన పంది పొదలోంచి మీదికి దూకినప్పుడు రెండో తూటా పేలుతుందా లేదా అన్నది అక్కడ ప్రాణాల మీది సమస్య. ఆ నమ్మకాన్ని యజమాని మాట మీద పెట్టుకోవచ్చా? పెట్టుకోకూడదనే నా వాదన. యజమానులు అబద్ధమాడతారని కాదు. ఈ యంత్రం నడిచే తీరు వేరు, వాళ్లు దాన్ని వాడే తీరు వేరు.

ట్రిగ్గర్ చుట్టూ ఉంగరంలా ఉండే మీటను కిందికీ ముందుకీ తోస్తే లోపల బోల్టు వెనక్కి జరుగుతుంది. బోల్టుకున్న చిన్న కొక్కెం పేలిన తూటా తొడుగును అంచు పట్టి లాగి బయటికి విసిరేస్తుంది. అదే ఊపులో హ్యామర్ ఎక్కుకుంటుంది. మీటను వెనక్కి లాగితే, గొట్టం కింది మ్యాగజైన్‌లోంచి పైకి లేచిన కొత్త తూటా గొట్టం మొదట్లో ఉండే గదిలోకి దూరుతుంది. ఇంత పనికీ కావలసిన శక్తి మనిషి చేతి నుంచే వస్తుంది. సైనికుల ఆటోమేటిక్ రైఫిళ్లలో చాలావాటికి ఆ శక్తి పేలిన మందు వాయువు నుంచి వస్తుంది. అందుకే వాటి గొట్టం కురచ చేస్తే వాయువు నెట్టే సమయం తగ్గి యంత్రం తడబడుతుంది. పొట్టి తుపాకి నమ్మలేమన్న అభిప్రాయం అక్కడినుంచే వచ్చి ఉండాలి. లీవర్ తుపాకికి అది వర్తించదు. గొట్టాన్ని 24 అంగుళాల నుంచి 16కు కోసినా మీట కదలిక మారదు, కొక్కెం పట్టు మారదు. మారేవి వేరే ఉన్నాయి. రైఫిల్ తూటాకు అంగుళానికి సెకనుకు ఇరవై నుంచి యాభై అడుగుల వేగం తగ్గుతుంది, మూతి దగ్గర మంట పెరుగుతుంది, బరువు తగ్గడంతో భుజానికి తగిలే దెబ్బ పెరుగుతుంది, మ్యాగజైన్‌లో రెండు మూడు తూటాలు తక్కువ పడతాయి. మొరాయింపుకు కారణం పొట్టితనం కాదు.

కారణం చాలాసార్లు చెయ్యే. కంగారులో మీటను చివరిదాకా తోయకుండా సగంలోనే వెనక్కి లాగితే పాత తొడుగు పూర్తిగా బయటపడదు, లేదా కొత్త తూటా పైకి రాదు. ట్రిగ్గర్ నొక్కితే ఉత్త టిక్కుమనే చప్పుడు. బల్ల మీద ఆనించి తీరిగ్గా కాల్చేవాడికి ఈ చిక్కు ఏళ్ల తరబడి ఎదురుకాదు, ఎదురుగా పంది ఉన్నవాడికి మొదటి రోజే ఎదురుకావచ్చు. రెండో కారణం తూటా. పేలినప్పుడు ఇత్తడి తొడుగు ఉబ్బి గది గోడలకు అతుక్కుంటుంది, ఒత్తిడి పోగానే కాస్త ముడుచుకుని వదులవుతుంది. గదిలో మసి ఉన్నా, తుప్పు గుంటలు పడినా, తూటాలో మందు మోతాదు మించినా ఆ వదులు రాదు. బోల్టు రైఫిల్‌లో పిడి పైకెత్తగానే ఏటవాలు గాడి ఒకటి తొడుగును ముందు బలంగా కదిలించి పెడుతుంది. చాలా లీవర్ తుపాకుల్లో ఆ సదుపాయం లేదు, ఉన్నా అంతంతమాత్రం. మూడోది తూటా పొడవు. దాన్ని పైకి తెచ్చే లిఫ్టర్ ఒక కొలతకు చేసింది కాబట్టి, మరీ పొట్టిదో పొడుగుదో పెడితే దారిలో ఇరుక్కుంటుంది. ఇక గొట్టపు మ్యాగజైన్‌లో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, వెనకదాని మూతి ముందుదాని వెనక ఉండే పేలుడు బిళ్లకు (ప్రైమర్‌కు) ఆనుకుంటుంది. మొన తేలిన గుండు పెడితే అదురుకు లోపలే పేలే ప్రమాదం ఉంది. చప్పిడి మూతి గుండ్లు వాడేది అందుకే.

ఇలాంటి లోపాల్లో కొన్నిటిని తయారీదారులు మొదట్లోనే గుర్తించి సరిదిద్దారు. 1860 నాటి హెన్రీ రైఫిల్‌లో మ్యాగజైన్ గొట్టం అడుగున పొడవునా చీలిక ఉండేది, మట్టీ నలుసూ దాంట్లోంచి నేరుగా లోపలికి పోయేవి. 1866 వించెస్టర్‌లో గొట్టం మూసేసి పక్కన తూటాలు నింపే ద్వారం పెట్టారు. తూటాదే తప్పయినప్పుడు తుపాకిని ఎంత మార్చినా ఏం లాభమో తెలియాలంటే మార్టినీ–హెన్రీని చూడాలి. 1871లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న ఈ ఒంటి తూటా తుపాకి కూడా మీటతో నడిచేదే. 1877లో గుర్రపు దళం కోసం దాన్ని కురచ చేసి కార్బైన్ తెచ్చారు, దెబ్బ ఓర్చుకోలేరని దానికి మందు తగ్గించిన తూటా వేరే ఇచ్చారు. తూటా తొడుగు మాత్రం పల్చటి ఇత్తడి రేకును చుట్టి చేసింది. 1885లో సూడాన్ ఎడారిలో వేడికీ ఇసుకకూ ఆ రేకు గదిలో బిగుసుకుపోయింది, కొక్కెం లాగితే అంచు ఊడి చేతికొచ్చింది. తర్వాత మీటను పొడిగించి బలం పెంచారు గానీ, అసలు విరుగుడు అతుకులేని గట్టి ఇత్తడి తొడుగే.

జ్ఞాపకానికీ లోహానికీ ఎంత తేడా ఉంటుందో చెప్పే ఉదాహరణ అమెరికాలో ఉంది. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర మూలవాసుల చేతిలో అమెరికా సైనికాధికారి కస్టర్ దళం నాశనమయ్యాక, సైనికుల స్ప్రింగ్‌ఫీల్డ్ కార్బైన్లలో రాగి తొడుగులు ఇరుక్కోవడమే కారణమని చాలామంది నమ్మారు. అది లీవర్ తుపాకి కాదు, ఒక్కో తూటా పెట్టి కాల్చే పొట్టి తుపాకి. హెన్రీలు, వించెస్టర్లు అవతలి పక్షం చేతుల్లో ఉన్నాయి. 1983లో అక్కడ గడ్డి తగలబడి నేల బయటపడింది. మరుసటి ఏడాది నుంచి పురావస్తు పరిశోధకులు లోహ శోధకాలతో వెతికి ఖాళీ తొడుగులను ఏరారు. కత్తితో పెకలించిన గీతలున్నవి నూటికి ఐదు కూడా తేలలేదు. ఇరుక్కోవడం నిజమే, అయితే కథలో ఉన్నంత కాదు. ఓడినవాళ్ల వైపు కథ లోపాన్ని పెద్దది చేస్తే, తుపాకిని ఇష్టపడేవాడి కథ చిన్నది చేస్తుంది.

మన వైపు లీవర్ రైఫిల్ యజమానుల్లో అందరికంటే పేరున్నవాడు 1910లో సికింద్రాబాద్ బొల్లారంలో పుట్టిన కెన్నెత్ ఆండర్సన్. బెంగళూరులో స్థిరపడి, అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయ లాంటి చోట్ల మనుషుల్ని తినే పులుల వెంట తిరిగాడు. అతని చేతిలో ఉన్నది .405 వించెస్టర్, 1895 నమూనా. పొట్టిది కాదు గానీ జాతి అదే. గొట్టపు మ్యాగజైన్ బదులు పెట్టె మ్యాగజైన్ పెట్టడంతో మొనదేలిన గుండ్లూ పడతాయి. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు రూజ్వెల్ట్ ఆఫ్రికాకు పట్టుకుపోయిందీ ఇదే రకం. 1954లో వచ్చిన ఆండర్సన్ మొదటి వేట పుస్తకం చదివినవాళ్లకు ఆ రైఫిల్ మీద గురి కుదరడం సహజం. కానీ లెక్క వేసి చూడండి. ఒక పులి కథలో నెలల నిరీక్షణ ఉంటుంది, పేలే తూటాలు ఒకటో రెండో. ఇరవై తూటాలకు ఒకసారి మొరాయించే నాసిరకం తుపాకి కూడా వరసగా పది సార్లు సాఫీగా పేలే అవకాశం నూటికి అరవై. ఇరవై సార్లకైతే ముప్పై ఆరు. ఒక్కసారీ చెడనప్పుడు గణిత శాస్త్రజ్ఞులు వాడే చిట్కా ఒకటుంది. మూడును కాల్చిన తూటాల సంఖ్యతో భాగిస్తే, లోపం గరిష్ఠంగా ఎంత ఉండవచ్చో నూటికి 95 పాళ్ల నమ్మకంతో తెలుస్తుంది. అరవై తూటాలు మచ్చలేకుండా పేలితే లోపం ఐదు శాతం లోపని మాత్రమే అనగలం. ఒక శాతం లోపని చెప్పడానికి మూడు వందలు కావాలి. ఏటా రెండు తూటాలు కాల్చేవాడి ముప్పై ఏళ్ల అనుభవం అంటే అరవై తూటాలు. పైగా కీలక సమయంలో మొరాయించిన రైఫిల్ వల్ల ప్రాణం పోయిన వేటగాడు పుస్తకం రాయడు, విసిగిపోయి అమ్మేసినవాడు దాని ఊసే ఎత్తడు.

ఒక్కడి మాట కాదు, వందలమంది అదే అంటున్నారు కదా అనవచ్చు. వందమంది తలా అరవై కాల్చితే ఆరు వేలవుతాయి, అది బలమైన సాక్ష్యమే. కాకపోతే ఆ వందమందిని ముందే ఎంచుకుని, చెడినా బాగున్నా రాసుకోమని చెప్పి ఉండాలి. తమంతట తాము వచ్చి పొగిడేవాళ్ల నుంచి ఆ సంఖ్య రాదు. వాళ్ల మాటలు ఒక పనికి మాత్రం బాగా ఉపయోగపడతాయి. ఎంత తరచుగా చెడుతుందో చెప్పలేకపోయినా, ఎక్కడ చెడుతుందో చెబుతాయి. లిఫ్టర్ అరిగి రెండో తూటా కిందికి జారి బిగుసుకోవడం మార్లిన్ లీవర్ రైఫిళ్ల యజమానులు ఎప్పటినుంచో చెబుతున్నదే, విప్పి చూస్తే అరుగుదల కంటికి కనిపిస్తుంది. ఇక అంత మంచివైతే సైన్యాలు ఎందుకు కాదన్నాయి అనే ప్రశ్న. పూర్తిగా కాదనలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా సుమారు మూడు లక్షల 1895 వించెస్టర్లు కొన్నది. అయితే నేలకు బోర్లా పడుకుని మీట తోయడం కష్టం, భాగాలు ఎక్కువ కాబట్టి ఖర్చు ఎక్కువ, మొనదేలిన గుండ్లతో గొట్టపు మ్యాగజైన్‌కు పొసగదు. బోల్టు రైఫిల్ గెలిచింది వీటి వల్ల.

రెండో తూటాకు భరోసా కావాలంటే ఇంకో దారి రెండో గొట్టం. హైదరాబాద్ సంస్థానపు పెద్దింటి వేటల్లో డబుల్ బ్యారెల్ రైఫిల్‌కు దక్కిన గౌరవం వట్టి డాబు కాదు. ఒక్కో గొట్టం యాభైకి ఒకసారి చెడుతుందనుకున్నా, లాకులు వేరైతే రెండూ ఒకేసారి చెడే అవకాశం రెండువేల ఐదు వందల్లో ఒకటి. రెండిట్లోనూ వాన తేమ తగిలిన ఒకే పెట్టెలోని తూటాలుంటే ఆ లెక్క చెల్లదు. తూటా పేలకపోతే మీట తోసి దాన్ని పారేసి ఇంకోటి తెచ్చుకునే సౌకర్యం లీవర్ తుపాకికి ఉంది. తొడుగు ఇరుక్కుంటే మాత్రం దానికి రెండో గొట్టం లేదు. కోట్‌పల్లి, ధారూర్ అడవిలో పదిహేను ఇరవై గజాల్లో పంది ఎదురయ్యే చోట 12 బోర్ డబుల్ బ్యారెల్ కంటే పొట్టి లీవర్ రైఫిల్ మెరుగని చెప్పడానికి నాకు ఆధారం కనబడలేదు.

పంట కాపాడటానికి షూటర్లను పంపే అటవీ అధికారులకు ఒక మనవి. ఎన్ని పందులు చచ్చాయన్న లెక్క పక్కనే కాల్చిన తూటాలెన్ని, పేలనివెన్ని, ఇరుక్కున్నవెన్ని అని మూడు గడులు పెట్టించండి. తుపాకి రకం, తూటాల పెట్టె మీది తయారీ సంవత్సరం కూడా రాయించండి. రెండు మూడు వానాకాలాల లెక్క చేతికొస్తే, ఏ తుపాకికి అనుమతి ఇవ్వాలో ఎవరి పొగడ్తా అడగకుండానే తేల్చుకోవచ్చు.