బహుమతి మీద పూసే పువ్వు

లోపల ఏముందో ఇంకా తెలీదు. గోడ గడియారమో, గాజు గ్లాసుల సెట్టో... గృహప్రవేశాల్లో వచ్చేవి ఎక్కువగా అవేలెండి! అయినా సరే, పెట్టె మీద చేత్తో కట్టిన రిబ్బను పువ్వు ఉందంటే ముందు దానిమీదకే చెయ్యి వెళ్తుంది. షాపులో అతికించి ఇచ్చే మెరుపుల స్టిక్కరు పువ్వుకి ఆ భాగ్యం లేదు. అది ఎవరి పెట్టె మీదైనా ఒకేలా ఉంటుంది మరి.

నిజానికి ముడి అందం కోసం పుట్టలేదు. 1930లో అమెరికాలోని త్రీఎం కంపెనీ ఉద్యోగి రిచర్డ్ డ్రూ పారదర్శకమైన టేపు తయారుచేసేదాకా, పార్సిల్ కాగితం ఊడకుండా ఉండటానికి ఎక్కువగా దారం, లక్క వాడేవారు. టేపు వచ్చాక ముడికి బరువు పని తప్పింది. ముస్తాబు మిగిలింది.

విడిపోయేదీ... వీడనిదీ!

ముడికి మాటలు నేర్పింది మాత్రం జపాన్ వాళ్లే. అక్కడ కానుకలకీ, చదివింపుల కవర్లకీ కట్టే సన్నని తాళ్లను 'మిజుహికి' అంటారు. కాగితాన్ని పురిపెట్టి, గట్టిపరచి చేస్తారు. నగానో ప్రాంతంలోని ఈదా పట్టణం వీటికి పెట్టింది పేరు. బిడ్డ పుట్టినప్పుడు ఇచ్చే కానుకకి సీతాకోకచిలుక రెక్కల్లాంటి ముడి వేస్తారు. కొస పట్టి లాగితే విడిపోతుంది, మళ్లీ కట్టుకోవచ్చు. అలాంటి సంబరం ఆ ఇంట్లో మళ్లీమళ్లీ జరగాలని!

పెళ్లి కానుకకి ఆ ముడి పనికిరాదు. లాగినకొద్దీ బిగుసుకునేదే వేయాలి. పెళ్లి ఒక్కసారే జరగాలి కదా! జబ్బుపడ్డవారికి ఇచ్చే కానుకకీ ఇదే ముడి... ఆ కష్టం మళ్లీ రాకూడదని. పొరపాటున పెళ్లి కవరుకి విడిపోయే ముడి వేసి ఇచ్చారంటే శాపనార్థం పెట్టినట్టే. మూడుముళ్లు, బ్రహ్మముడి తెలిసిన మనవాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

వంకర ఎందుకొస్తుంది?

రోజూ పొద్దున్నే బడికెళ్లే కూతురికి రెండు జడలు వేసి రిబ్బను కట్టిన అమ్మకి ఈ విద్య కొత్తేమీ కాదు. మిగతావాళ్లకే తంటా. పెట్టె 25 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 10 ఎత్తు ఉందనుకోండి. ప్లస్ గుర్తులా చుట్టడానికే 130 సెంటీమీటర్ల రిబ్బను పడుతుంది. పువ్వుకి కూడా కలిపి రెండు మీటర్లు తీసుకుంటే సరి.

ఎంత శ్రద్ధగా కట్టినా కొందరి పువ్వు పక్కకి తిరిగిపోతుంది. లోపం వేళ్లలో లేదు, ముడి వేసే దిక్కులో ఉంది. మొదటి ముడిలో కుడి కొసను ఎడమదాని మీదుగా తెచ్చారా? అయితే రెండోసారి ఎడమ మడతను కుడి మడత మీదుగా తేవాలి. రెండుసార్లూ ఒకేవైపు నుంచి వేస్తే రెక్కలు అడ్డంగా విచ్చుకోకుండా కట్టు వెంట నిలువుగా తిరుగుతాయి. పైగా త్వరగా ఊడిపోతాయి కూడా. బూట్ల లేసుల విషయంలో ఇదే సంగతిని బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇంజినీర్లు 2017లో ప్రయోగాలు చేసి మరీ చూపించారు!

ముద్దబంతిలాంటి పువ్వు కావాలంటే రిబ్బనును అరచేతికి వదులుగా పది చుట్లు చుట్టి, తీసి, చదునుగా నొక్కాలి. రెండు చివర్లలోనూ మూలల్ని కొద్దిగా కత్తిరించి, ఆ నొక్కులు రెండూ మధ్యలో ఒకదానిమీద ఒకటి వచ్చేలా మడిచి, సన్నని రిబ్బనుతో బిగించి కట్టాలి. ఇక లోపలి మడతల్ని ఒక్కొక్కటే కుడికొకటి, ఎడమకొకటి మెలితిప్పుతూ లాగడమే.

ప్లాస్టిక్ రిబ్బనును కత్తెర అంచుమీద లాగి ఉంగరాలు తిప్పేవాళ్లు సర్రున లాగేస్తుంటారు. అంత తొందర వద్దు. నెమ్మదిగా లాగితేనే ఉంగరాలు బిగువుగా వస్తాయని 2016లో శాస్త్రవేత్తలు లెక్కగట్టి చెప్పారు.

మరీ నీటుగానా?

ఇంత కష్టపడ్డాక చెప్పడం బాగోదుగానీ... దగ్గరి స్నేహితులకైతే ప్యాకింగ్ కాస్త అటూ ఇటూగా ఉన్నా ఫర్వాలేదు! అమెరికాలోని నెవాడా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, స్నేహితులిచ్చిన కానుక అడ్డదిడ్డంగా చుట్టి ఉంటేనే అందుకున్నవారికి ఎక్కువ నచ్చింది. నీటుగా చుట్టి ఉంటే లోపల ఏదో గొప్ప వస్తువుందని ఆశ పెరిగిపోతుంది మరి. అంతంతమాత్రం పరిచయస్తుల దగ్గర మాత్రం కథ తిరగబడింది. అక్కడ నీటైన ప్యాకింగే మర్యాద. కాబట్టి బాసుగారి గృహప్రవేశానికి రెండు మీటర్ల రిబ్బనూ కొనాల్సిందే.

ఆ కొనేదీ ప్లాస్టిక్‌ది కాకపోతే మేలు. ఒక్కరోజు ముచ్చట తీరాక అది మట్టిలో కలవదు, రీసైక్లింగ్ యంత్రాల్లో పడితే చుట్టుకుపోతుంది. దానికన్నా చిరిగిన పట్టుచీర జరీ అంచు ఎంత బాగుంటుందో! రెండు వేళ్ల వెడల్పున్న అంచుని కత్తిరించి కడితే పిన్నిగారి పెట్టె ఇట్టే గుర్తుపట్టేయొచ్చు. అందుకున్నవారు విప్పి దాచుకుంటారు కూడా. శాటిన్ రిబ్బనైతే కొసల్ని ఏటవాలుగా కత్తిరిస్తే పోగులు త్వరగా ఊడవు. నలిగితే పైన పల్చటి గుడ్డ వేసి, తక్కువ వేడిమీద ఇస్త్రీ చేసి, అట్టముక్కకి చుట్టిపెట్టుకుంటే వచ్చే పుట్టినరోజుకి సిద్ధం.