సామాన్యులకు వ్యోమయాన శిక్షణ

1961 ఏప్రిల్ 12వ తేదీన యూరీ గగారిన్ భూమిని ఒక్కమారు చుట్టివచ్చెను. ఆనాటినుండి చాలకాలము వ్యోమగామి యనగా యుద్ధవిమానములు నడపుటలో ఆరితేరినవాడనియే లోకము తలచినది. 1963లో అంతరిక్షమునకు వెళ్లిన వాలెంతీనా తెరిష్కోవా వస్త్రకర్మాగారమున పనిచేసిన యువతియే యైనను, అట్టివారు మిక్కిలి అరుదు. ఇటీవలి కాలమున ఆ స్థితి మారినది. వర్తకులు, ఉపాధ్యాయులు, వైద్యసహాయకులు, తొంబదియేండ్ల వృద్ధులు సైతము ప్రైవేటు సంస్థల రాకెట్లలో ఆకాశపు టంచు దాటి వచ్చిరి. ఇట్టివారికి ఏమి నేర్పుదురు? ఎంతకాలము నేర్పుదురు? నేర్పిన విద్య ఆపదలో అక్కరకు వచ్చునా? ఈ మూడు ప్రశ్నలను విచారించుటయే మా ప్రసంగోద్దేశము.

మొదట ఒక భేదము గుర్తింపవలెను. వ్యోమయాత్రలు రెండు విధములు. నిట్టనిలువుగా పైకెగసి, కొలది నిమిషములు భారరహిత స్థితి ననుభవించి, వెంటనే దిగివచ్చునది మొదటిది. భూమిచుట్టు కక్ష్యలో దినములతరబడి తిరుగునది రెండవది. మొదటిదానికి రెండు మూడు దినముల తర్ఫీదు చాలును. రెండవదానికి నెలలు కావలెను.

2024 మే 19వ తేదీన విజయవాడలో జన్మించిన తోటకూర గోపీచంద్ అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమునుండి మొదటి తరహా యాత్ర చేసెను. ఆయన స్వయముగా వైమానికుడు. ఆయనతో వెళ్లిన ఎడ్ డ్వైట్ వయస్సు 90 ఏండ్లు. 1960 దశకపు ఆరంభమున వ్యోమగామి శిక్షణకు ఎన్నికయై, అవకాశము దక్కక నిలిచిపోయిన నీగ్రోజాతి వైమానికుడాయన. ఆరు దశాబ్దములకు ఆ కోరిక తీరినది. ఆ నౌకలో ప్రయాణీకునికి విధించిన అర్హతలు విన్నచో ఆశ్చర్యము కలుగును. ఏడంతస్తుల మెట్లను ఒకటిన్నర నిమిషములో ఎక్కగలుగవలెను. ఆసనపు పట్టీలను పదునైదు సెకండ్లలో తగిలించుకొని, విప్పుకొనగలుగవలెను. అంతకుమించి మల్లయోధుని బలమేమియు అక్కరలేదు. ఆనాటి అవరోహణలో మూడు పారాచూట్లలో ఒకటి పూర్తిగా విప్పుకొనలేదు. అయినను మిగిలిన రెండే నౌకను క్షేమముగా దింపినవి.

రాకెట్టు పైకెగయునపుడు దేహము బరువెక్కును. త్వరణము మూడింతలైనచో 60 కిలోగ్రాముల మనిషికి 180 కిలోగ్రాములవాడైనట్లు తోచును. దిగునపుడు కొలది సెకండ్లపాటు ఇది అయిదింతలు దాటవచ్చును. నిటారుగా కూర్చున్నవానికి ఈ ఒత్తిడివలన నెత్తురు తలనుండి కాళ్లకు జారి, చూపు మసకబారి, స్పృహ తప్పును. అందుచేతనే ప్రయాణీకుని వెల్లకిల పరుండబెట్టుదురు. అప్పుడు గుండె, మెదడు ఇంచుమించు ఒకే మట్టమున ఉండును. భారము రొమ్ముపై పడును. ఊపిరి పూర్తిగా విడువక, రొమ్మును నిండుగా నుంచి, చిన్నచిన్న శ్వాసలు తీయుట ఎట్లో శిక్షకులు నేర్పుదురు.

దీనిని అభ్యసించుటకు అపకేంద్ర యంత్రము కలదు. తిరునాళ్లలోని రంగులరాట్నమే దీనికి పోలిక. పొడవైన ఉక్కుచేయి చివర నొక గది, అందులో మనిషి, చేయి తిరిగినకొలది వానిపై భారము హెచ్చును. పెన్సిల్వేనియాలో ప్రైవేటు యాత్రికులకు ఉపయోగపడిన ఇట్టి యంత్రమొకటి కలదు. రక్తపుపోటు, హృద్రోగము, మధుమేహము వంటివి ఉండియు మందులతో అదుపులో నున్న సామాన్యులను టెక్సస్ విశ్వవిద్యాలయపు వైద్యవిభాగమువారు అట్టి యంత్రమున త్రిప్పి పరీక్షించిరి. వారిలో పెక్కుమంది ఈ ఒత్తిడిని చక్కగా సహించిరి. చిక్కు తెచ్చినది శరీరముకన్న మనస్సే. ఆందోళనవలన కొందరు నడుమనే మానుకొనిరి. ఈ విషయము మాకు మిక్కిలి ముఖ్యముగ తోచుచున్నది. శిక్షణయొక్క ప్రధాన ప్రయోజనము కండలు పెంచుట కాదు, కొత్త యనుభవమునకు భయము పోగొట్టుట. ఒకసారి తిరిగివచ్చినవానికి రెండవసారి ఏమి జరుగునో తెలియును. తెలిసినదానియందు భయము సగము.

పిమ్మట భారరహిత స్థితి. విమానమును ఏటవాలుగా ఎక్కించి, విసిరిన బంతి మార్గమున దింపినచో అందులోనివారు ఇరువది సెకండ్లకు పైగా తేలుదురు. ఇట్లు పలుమార్లు చేయుదురు. మొదటిసారి తేలినవాడు నీటిలోవలె కాళ్లు కొట్టుకొని, ప్రక్కవాని ముఖమును తన్నును. వ్రేలితో మెల్లగా నొక్కిన చాలును, దేహము కదలునని అతడు పిదప నేర్చుకొనును. ఇక వికారము సంగతి. ఘాటుదారిలో బస్సునందు పుస్తకము చదువువారికి కడుపులో త్రిప్పుట మన మెరుగుదుము. కన్ను ఒకటి చెప్ప, చెవిలోపలి సమతౌల్యేంద్రియము వేరొకటి చెప్పును. ఆ తగవే వికారము. కక్ష్యకు వెళ్లువారిలో సుమారు మూడింట రెండువంతులమందికి ఇది తప్పదు. తర్ఫీదు దీనిని పూర్తిగా మాన్పలేదు. తల అదరక నుంచుకొనుట, మందు వేళకు తీసికొనుట మాత్రము నేర్పును.

చిన్నయాత్రలో మరియొక కష్టము కాలము చాలకుండుట. ఆంధ్రదేశమున జన్మించి అమెరికాలో పెరిగిన బండ్ల శిరీష 2021 జులై 11వ తేదీన వర్జిన్ గెలాక్టిక్ నౌకలో సుమారు 86 కిలోమీటర్ల ఎత్తునకు వెళ్లినపుడు, ఫ్లోరిడా విశ్వవిద్యాలయమువారి మొక్కల ప్రయోగమును నిర్వహించెను. గురుత్వము మారిన ఆయా ఘట్టములందు చేతిలోని గొట్టములను సరియైన క్షణమున మీటవలెను. భారరహిత స్థితి కొలది నిమిషములే. అట్టిచోట ఆలోచించుకొనుటకు వ్యవధి యుండదు. చేతికి అలవాటై యుండవలెను.

ఇక కక్ష్యాయాత్ర. 2021 సెప్టెంబరులో 'ఇన్‌స్పిరేషన్ 4' అను పేర జారెడ్ ఐజక్‌మన్, సియాన్ ప్రాక్టర్, హేలీ ఆర్సెనో, క్రిస్టఫర్ సెంబ్రోస్కీ యను నలువురు పౌరులు సుమారు 585 కిలోమీటర్ల ఎత్తున మూడు దినములు భూమిని చుట్టిరి. వారికి దాదాపు ఆరునెలల శిక్షణ నడచినది. వాషింగ్టన్ రాష్ట్రములోని రేనియర్ పర్వతమును కలసి ఎక్కిరి. చలిలో, అలసటలో ఒకరి స్వభావము నొకరు తెలిసికొనుటకే ఆ యేర్పాటు. నౌకను పోలిన గదిలో ఏకబిగిని ముప్పది గంటలు మెలగి, నకిలీ అపాయములను ఒక్కొక్కటిగా ఎదుర్కొనిరి. వీరిలో ఆర్సెనో బాల్యమున ఎముక క్యాన్సరునకు గురియై, కాలిలో లోహపు కడ్డీతో జీవించు వైద్యసహాయకురాలు. పూర్వపు నియమముల ననుసరించినచో ఆమెకు ప్రవేశమే లేదు. ఆమెయే ఆ యాత్రకు వైద్యాధికారిణియైనది. యాత్రలో ఒక దినము మూత్రమును గ్రహించు యంత్రపు పంకాలో లోపము కలిగి హెచ్చరిక గంట మ్రోగెను. విని నవ్వుకొనదగినదే, కాని మూసిన నౌకలో ఏ గంటయు చిన్నది కాదు. వారు కలత చెందక చక్కబరచుకొనిరి.

అయినను శిక్షణకొక హద్దు కలదు. 1985లో పదునొకండువేలకు పైబడిన అభ్యర్థులనుండి క్రిస్టా మెకాలిఫ్ అను ఉపాధ్యాయురాలిని అమెరికా ప్రభుత్వము ఎన్నుకొనెను. ఆమె నెలలతరబడి శ్రద్ధతో తర్ఫీదు పొందినది. 1986 జనవరి 28వ తేదీన 'చాలెంజర్' ఎగిరిన 73 సెకండ్లకు ఆమెయు, సహచరులార్గురును మరణించిరి. చలికి బిగిసిపోయిన రబ్బరు చుట్టు అందుకు కారణము. ఆమె నేర్చిన విద్యలో లోపము లేదు. యంత్రమున దోషమున్నపుడు ప్రయాణీకుని నేర్పు ఏమి చేయగలదు?

ఈ సత్యమును దాచకుండుటయు శిక్షణలో భాగమే. అమెరికాలో 2004లో వచ్చిన చట్టము, 2006లో ఏర్పడిన నియమములు ఇట్లు శాసించుచున్నవి: ఈ వాహనము సురక్షితమని ప్రభుత్వము ధ్రువీకరింపలేదని సంస్థ ప్రయాణీకునకు వ్రాతమూలకముగ తెలుపవలెను, అతడు తెలిసి సమ్మతించి సంతకము చేయవలెను, పొగ, మంట, గదిలో వాయుపీడనము పోవుట, అత్యవసరముగ వెలికివచ్చుట అను విషయములలో అతనికి తర్ఫీదీయవలెను. ఈ సంతకము లాంఛనప్రాయము కారాదని మా అభిప్రాయము. అపకేంద్ర యంత్రమున రొమ్ముపై భారము పడిన పిమ్మట, పొగనిండిన గదిలో ద్వారము తడవుకొన్న పిమ్మట చేయు సంతకమే నిజమైన సమ్మతి. అంతకుముందు చేసినది కేవలము సిరా.

సామాన్యుని వ్యోమగామిగ మార్చుట శిక్షణ ఉద్దేశము కాదు. తోటివారికి అతడు బరువు కాకుండునట్లు చేయుటయే ఉద్దేశము. ఆ నలువురికి శిక్షణ నడపినవారిలో సారా గిలిస్ అను ఇంజనీరు ఒకతె. తరువాత ఆమెయు రెండేండ్లకు పైగా అభ్యసించి, 2024 సెప్టెంబరు 12వ తేదీన 'పొలారిస్ డాన్' యాత్రలో, ఐజక్‌మన్ తరువాత నౌక ద్వారమునుండి శూన్యములోనికి దేహము వెలికి నిలిపెను. నేర్పినవారు తామును ఆ ఆసనమున కూర్చుండుట కంటె, నేర్చినవారికి వేరొక హామీ యేమి కావలెను?