వ్యాజ్య విధానము – శాసనసభల అధికారము

వ్యాజ్యములయందు జయాపజయములను నిర్ణయించునది హక్కులను తెలుపు చట్టమే యని సామాన్యముగ తలంతుము గాని, ప్రతివాది జవాబు ఎన్ని దినములలో దాఖలు చేయవలెను, ఏ నిపుణుని సాక్ష్యము జ్యూరీ చెవిని పడవచ్చును అను విధాన నియమములే పెక్కుమారులు న్యాయమును మనుష్యుని చేతికి అందించుచుండును, లేదా అందకుండ జేయుచుండును. ఈ నియమములను వ్రాయువారెవరు? అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ ప్రశ్నకు రాష్ట్రమునకొక సమాధానము కలదు.

న్యూయార్కులో, డేవిడ్ డడ్లీ ఫీల్డు పేర ప్రసిద్ధమైన స్మృతి 1848లో చట్టమైన నాటినుండి, ఈ భారము ప్రధానముగ శాసనసభదే. న్యూజెర్సీ అందులకు విరుద్ధము. అచటి 1947 నాటి రాజ్యాంగము చట్టమునకు లోబడి నియమములు చేయుమని సుప్రీంకోర్టును ఆదేశింపగా, 1950లో ప్రధాన న్యాయమూర్తి ఆర్థర్ వాండర్బిల్టు, ఆ లోబడుట హక్కులకు సంబంధించిన చట్టమునకే గాని విధానమునకు సంబంధించినదానికి కాదని తీర్పు చెప్పి, శాసనసభకు తలుపు మూసివైచెను. కోర్టుల స్వాతంత్ర్యము నాకును ప్రియమే. అయినను ఆ తీర్పు రాజ్యాంగ వాక్యమును దాని సహజార్థమునకు మించి సాగదీసినదనియే నా నమ్మకము.

ఫ్లోరిడా రాజ్యాంగము మధ్యేమార్గమును త్రొక్కినది. నియమములను సుప్రీంకోర్టు చేయును. శాసనసభ యొక్క ఉభయ శాఖలలోను మూడింట రెండువంతుల సభ్యులు సమ్మతించినచో వానిని రద్దు చేయవచ్చును. రద్దుచేయు అధికారమే గాని, వాని స్థానమున తమ నియమములను వ్రాసి నిలుపు అధికారము సభకు లేదు. మరణశిక్ష పడినవారి పునర్విచారణార్థనలను త్వరితము చేయగోరి 2000లో శాసనసభ చేసిన చట్టమును, ఇది తమ నియమాధికారమును ఆక్రమించుచున్నదని ఆ సంవత్సరమే కోర్టు కొట్టివైచెను. ప్రాణములు పోవు వ్యవహారమున త్వరను నిరోధించిన ఆ తీర్పు నాకు మిక్కిలి సమంజసముగ తోచును.

అయితే హక్కెచ్చట ముగియును, విధానమెచ్చట మొదలగును? నిపుణుల సాక్ష్యమును, ఆ రంగపు శాస్త్రజ్ఞులలో దాని పద్ధతికి సామాన్యముగ సమ్మతి కలదా యని చూచుటకు మారుగ, దాని విశ్వసనీయతను న్యాయాధిపతియే పరీక్షింపవలెనని 2013లో ఫ్లోరిడా శాసనసభ చట్టము చేసెను. ఇది విధానమే యని నిర్ణయించి, 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దానిని చెల్లదనెను. పిదప 2019 ఆరంభమున ముగ్గురు న్యాయమూర్తులు పదవీవిరమణ చేసి క్రొత్తవారు వచ్చిరి. ఆ మే నెలలోనే, శాసనసభ కోరిన ఆ పరీక్షనే కోర్టు తన నియమాధికారముతో స్వీకరించెను.